ఆ ఇంట్లో ఏదో ఉందట కదా

మొన్న సంక్రాంతికి ముందు ఒక బ్రోకర్ నాన్నకి ఫోన్ చేశాడు. ఊళ్ళో మా పాత ఇల్లు కొనడానికి ఒక పార్టీ సిద్ధంగా ఉందట. ధర గురించి, దారి గురించి, తూర్పు వైపు హద్దు గురించి మాట్లాడాడు. ఇక పెట్టేస్తాడనగా కొంచెం నవ్వుతూ అడిగాడు: "అది సరే గానీ సార్, ఆ ఇంట్లో ఏదో ఉందంటున్నారు ఊళ్ళో... నిజమేనాండీ?"

ఫోన్ స్పీకర్లో ఉంది. నాన్న ఒక్క క్షణం ఆగాడు. "ఏం లేదండీ. అన్నీ పుకార్లు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. కానీ ఆ ఒక్క క్షణం నాకు గుర్తుండిపోయింది. దెయ్యాల్ని నమ్మని మనిషి మా నాన్న. లెక్కల మాస్టారుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. "ఏం లేదు" అనడానికి ఆయనకి ఆ క్షణం ఎందుకు కావాల్సొచ్చింది?

ఆ ఇంటికి తాళం పడి పదిహేనేళ్ళు దాటింది. పాత మండువా లోగిలి. పెంకులు సగం జారిపోయాయి. దక్షిణం వైపు గోడలో రావి మొక్క మొలిచి ఇప్పుడు చెట్టయింది. సాయంత్రం పూట వంటింటి వైపు నుంచి చప్పుడు వినిపిస్తుందని పక్కింటి వాళ్ళంటారు. పిల్లలు క్రికెట్ బంతి లోపల పడితే తెచ్చుకోవడానికి వెళ్ళరు. దాన్ని వాళ్ళు "చిట్టి మామ్మ కొంప" అంటారు. వాళ్ళెవరూ చిట్టి మామ్మని చూసిన వాళ్ళు కాదు.

చిట్టి మామ్మ మా తాతయ్యకి చెల్లెలు, నాన్నకి మేనత్త. పందొమ్మిదేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత అరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. అన్నగారి పిల్లల్ని పెంచింది, ఆ పిల్లల పిల్లల్నీ పెంచింది. ఒక్కొక్కరూ విజయవాడకో, హైదరాబాదుకో, ఆ పైన ఇంకా దూరానికో వెళ్ళిపోతుంటే గుమ్మంలో నిలబడి సాగనంపింది. చివరి ఎనిమిదేళ్ళు ఒక్కతే ఉంది. 2009లో పోయింది.

ఇప్పుడు ఇల్లు అమ్మాలంటే నాన్న, బాబాయి, ఇద్దరు అత్తయ్యలు సంతకాలు పెట్టాలి. ఆ నలుగురిలో ఒక్కరు కూడా పెద్దయ్యాక ఆ ఇంట్లో పట్టుమని పదేళ్ళు ఉన్నవాళ్ళు కాదు. అరవై ఏళ్ళు ఉన్న మనిషి పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

నాకు దెయ్యాల సినిమాలంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. భయపడుతూనే చూసేవాడిని. ఆ ఫోన్ కాల్ తర్వాత, ఇన్నాళ్ళూ చూసిన సినిమాలన్నీ కొంచెం వేరేగా కనబడటం మొదలైంది. వాటన్నిటి కిందా ఒకటే ప్రశ్న ఉందేమో అనిపించింది. ఒక ఇంట్లో ఇప్పుడుంటున్న వాళ్ళు, అంతకు ముందు ఉన్నవాళ్ళకి ఏమైనా బాకీ ఉంటారా?

* * *

పాడుబడ్డ ఇంటి సినిమా ఎలా మొదలవుతుందో మనందరికీ తెలుసు. ఇల్లు పెద్దది, అద్దె తక్కువ. బ్రోకర్ మాట మార్చేస్తుంటాడు. పనిమనిషి రానంటుంది. ఒక గదికి తాళం వేసి ఉంటుంది. భార్యకో, పిల్లలకో ముందు తెలుస్తుంది. భర్త నమ్మడు.

రామ్‌గోపాల్ వర్మ 2003లో తీసిన 'భూత్'లో పాత కోట లేదు, సాలెగూళ్ళు లేవు. ముంబైలో ఒక అపార్ట్‌మెంట్, పై అంతస్తులో మంచి ఫ్లాటు. మనలాంటి వాళ్ళు లోన్ పెట్టి కొనుక్కోవాలనుకునే లాంటిదే. అంతకుముందు అక్కడున్న ఆవిడ బాల్కనీ నుంచి పడి చనిపోయిందని అజయ్ దేవగణ్ పాత్రకి ముందే తెలుసు. అతనికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు కాబట్టి పట్టించుకోడు. భార్యకి చెప్పడు. ఊర్మిళ ఆ సంగతి తర్వాత తెలుసుకుంటుంది.

మొదటిసారి చూసినప్పుడు ఆ భర్త చేసింది తప్పని నాకు తోచలేదు. భయపడుతుందని చెప్పలేదు, అంతే కదా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి భార్యకి చేసింది. తను ఎలాంటి ఇంట్లో ఉంటోందో తెలుసుకునే హక్కు ఆవిడకి లేకుండా చేశాడు. రెండోది ఆ చనిపోయిన మనిషికి చేసింది. ఒక చావుని తక్కువ ధరకి దొరికిన ఫ్లాటుగా మార్చేసుకున్నాడు. ఆవిడ ఎవరు, ఎందుకు పడింది అని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే అది ప్రమాదం కాదని, హత్యని తెలిసేదేమో. ఆ ప్రశ్న అడగడానికి సినిమాలో ఒక దెయ్యం రావాల్సొచ్చింది.

మొదటి తప్పు గురించి చట్టాలు కూడా ఆలోచించాయి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున నయాక్ అని ఒక చిన్న ఊరు. అక్కడ ఒక పాత ఇంటి యజమానురాలు తన ఇంట్లో దెయ్యాలున్నాయని స్థానిక పత్రికల్లోనూ, 'రీడర్స్ డైజెస్ట్'లోనూ చెప్పుకుంది. తర్వాత ఆ ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం కొనేవాడికి ఆ మాట చెప్పలేదు. అతను బయటూరివాడు. తెలిశాక బేరం రద్దు చేసుకుంటానని కోర్టుకెక్కాడు. 1991లో అప్పీలు కోర్టు అతని వైపే తీర్పిచ్చింది. ఇంట్లో దెయ్యాలున్నాయని నువ్వే ఊరంతా చాటావు కాబట్టి ఇప్పుడు లేవనడానికి వీల్లేదు, చట్టం దృష్టిలో అది దెయ్యాల ఇల్లే అని చెప్పింది. లా కాలేజీల్లో ఇప్పటికీ నవ్వుకుంటూ చదువుకునే కేసు ఇది.

జపాన్‌లో ఇది నవ్వులాట కూడా కాదు. హత్యో, ఆత్మహత్యో, లేక ఎవరూ చూసుకోక ఒంటరిగా చనిపోవడమో జరిగిన ఇళ్ళని అక్కడ 'జికో బుక్కెన్' అంటారు, ప్రమాదం జరిగిన ఆస్తి అని. వాటి అద్దె తగ్గిపోతుంది. అలాంటి ఇళ్ళ వివరాలు చూపించే వెబ్‌సైట్ కూడా ఉంది. 2021లో అక్కడి ప్రభుత్వం బ్రోకర్లకి మార్గదర్శకాలిచ్చింది. సహజంగా పోతే సాధారణంగా చెప్పనక్కర్లేదు. హత్య, ఆత్మహత్యల్లాంటివైతే అద్దెకి వచ్చేవాళ్ళకి సుమారు మూడేళ్ళ వరకూ చెప్పాలి.

మూడేళ్ళు. ఒక మనిషి చావు ఒక గదిలో ఎంతకాలం ఉంటుందో ఎవరో కూర్చుని లెక్క కట్టాల్సొచ్చింది. వాళ్ళని తప్పుపట్టను. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. కానీ ఈ రెండు ఏర్పాట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. నయాక్ అయినా టోక్యో అయినా, చట్టం కాపాడేది కొనేవాడిని, అద్దెకొచ్చేవాడిని. పోయినవాళ్ళ తరఫున మాట్లాడటానికి అక్కడ ఎవరూ లేరు. వాళ్ళు ఆ లావాదేవీలో ధర తగ్గించే ఒక లోపం, గోడలో చెమ్మలాగా.

ఆ రెండో పక్షం తరఫున మాట్లాడే చోటు దెయ్యం సినిమా. దానికున్న నిజమైన విలువ అదేనని నా నమ్మకం.

* * *

అలాంటి సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం భయపెట్టేది కాదు, ఫ్లాష్‌బ్యాక్. అప్పటిదాకా కుర్చీలు కదిలించి, దీపాలార్పి, గొంతులు మార్చి నానా యాగీ చేసిన దెయ్యం ఉన్నట్టుండి కథ చెప్పుకోవడం మొదలుపెడుతుంది. నా పేరు ఇది, నేనిక్కడ ఉండేదాన్ని, నన్నిలా చేశారు అని. మనం భయపడటం మానేసి వినడం మొదలుపెడతాం. ఒక రకంగా అది వాంగ్మూలం. ఎన్నడూ జరగని విచారణ, చాలా ఆలస్యంగా, తప్పు చోట, తప్పు మనిషి ఒంట్లోంచి జరుగుతుంది.

మలయాళంలో ఫాజిల్ 1993లో తీసిన 'మణిచిత్రతాళు' ఈ విషయంలో ఇప్పటికీ పెద్ద సినిమా. మాడంపల్లి అనే పాత తరవాడు, తాళం వేసిన గది. తంజావూరు నుంచి తీసుకొచ్చి ఆ ఇంటి పెద్ద బంధించి, చివరికి చంపేసిన నాట్యగత్తె నాగవల్లి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన గంగ ఆ గది తెరుస్తుంది. క్రమంగా నాగవల్లి అయిపోతుంది. సినిమా చివరికి అది దెయ్యం కాదు, జబ్బు అంటుంది. చిన్నప్పుడు తల్లిదండ్రులు గంగని నాయనమ్మ దగ్గర వదిలేసి కలకత్తా వెళ్ళిపోయారు. వదిలేసిన పిల్ల, వదిలేసిన గదిలో, అందరూ వదిలేసిన ఒక ఆడమనిషిని కనుక్కుంది. ఎవరి బాధ ఎవరిదో విడదీయలేనంతగా కలిసిపోయాయి.

ఈ కథ తర్వాత చాలా భాషలు తిరిగింది. మనలో చాలామందికి ఇది 2005 నాటి 'చంద్రముఖి'గానే తెలుసు. ఇక్కడొక విచిత్రం గమనించారా? మలయాళ సినిమాలో దెయ్యం తమిళం మాట్లాడుతుంది. కన్నడంలో వచ్చిన 'ఆప్తమిత్ర'లో, తమిళ 'చంద్రముఖి'లో తెలుగు మాట్లాడుతుంది. హిందీ 'భూల్ భులయ్యా'లో బెంగాలీ. తమిళ సినిమాని తెలుగులోకి డబ్ చేసినప్పుడు చంద్రముఖిని తమిళావిడగా మార్చేశారు. ఏ భాషలో తీసినా, ఇంటివాళ్ళది ఒక భాష, దెయ్యానిది ఇంకో భాష.

నాటకీయత కోసం చేసిన ఏర్పాటే అయ్యుండొచ్చు. అర్థంకాని భాష వినిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది కదా. కానీ ఎంత నిజం అది! ఆ ఇంట్లో అన్యాయం జరిగిన మనిషి ఎప్పుడూ బయటనుంచి తెచ్చినదే. తన వాళ్ళు దగ్గర లేనిది, ఆ ఇంటి భాష తనది కానిది, ఆ ఇంటి కాగితాల్లో పేరుండే వీల్లేనిది. ఆవిడ బతికుండగా అరిచినా ఎవరికీ అర్థమయ్యేది కాదు. చచ్చాక అదే భాషలో అరుస్తుంది, ఈసారి అర్థం చేసుకోక తప్పదు.

చిట్టి మామ్మది వేరే భాష కాదు. ఆ ఇంట్లోనే పుట్టింది. అయినా నా చిన్నప్పుడు ఆవిడ మాటలు మాకు అర్థమయ్యేవి కావు. ప్రతి మాటా సణుగుడులా వినిపించేది. "మామ్మ ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది" అని నవ్వుకునేవాళ్ళం. ఏమనేదో ఒక్క వాక్యం కూడా నాకిప్పుడు గుర్తులేదు.

* * *

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు.

ప్రతి దెయ్యమూ బాధితురాలేనా? కాదు. మన 'అరుంధతి' సంగతి చూడండి. 2009లో వచ్చిన ఆ సినిమాలో పాడుబడ్డ కోటలోంచి పిలిచే గొంతు పశుపతిది. బతికున్నప్పుడు ఆడవాళ్ళ మీద అఘాయిత్యాలు చేసినవాడు. జేజమ్మ వాడిని సమాధిలో మూసేస్తే, తరాలు గడిచినా వదలకుండా "నాది" అంటూ కూర్చుంటాడు. వాడి దగ్గర కూడా ఒక ఫిర్యాదుంది, నన్ను సజీవంగా పాతిపెట్టారని. విన్నంత మాత్రాన మనం వాడికి ఏమైనా బాకీ పడతామా? పడం.

అంటే పాతకాలం నుంచి ఉండటమే హక్కు కాదు. ఇల్లు వదలని మొండితనం కూడా న్యాయం కాదు. పాత జమీందారులు, పాత పెత్తనాలు కూడా మన ఇళ్ళని పట్టుకుని వేలాడుతూనే ఉన్నాయి. "మా తాతల కాలంలో" అని మొదలయ్యే ప్రతి మాటా వినదగ్గది కాదు. కాబట్టి తేడా ఇలా చెప్పుకోవచ్చు. పశుపతి అడిగేది ఇంకొకరి మీద అధికారం. నాగవల్లి అడిగేది తనకి జరిగినదానికి ఒక గుర్తింపు. మొదటిదానికి తలవంచనక్కర్లేదు. రెండోదాన్ని కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

ఇంకొక అభ్యంతరం ఇంకా గట్టిది. దెయ్యం కథ ఎప్పుడూ బలహీనుల వైపే ఉంటుందన్న భ్రమ వద్దు. ఒక ఇంట్లో దెయ్యం ఉందన్న పుకారు దాని ధర తగ్గించడానికి బాగా పనికొస్తుంది. ఒంటరి ముసలావిడకి చేతబడి వచ్చని ఊళ్ళో పుట్టిన మాట ఎన్ని ప్రాణాలు తీసిందో మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. 'విరూపాక్ష' లాంటి సినిమాలో కూడా కథంతా మొదలయ్యేది ఊరు కలిసి ఒక జంటని తగలబెట్టడంతో. అంతా అయ్యాక మనకి గుర్తుండేది మాత్రం ఆ మంట కాదు, దాని తర్వాత వచ్చిన క్షుద్రశక్తే. బాధితుల్ని దెయ్యాలుగా మార్చడంలో ఉన్న ప్రమాదం ఇదే. ముందు వాళ్ళకోసం బాధపడతాం. ఆ తర్వాత వాళ్ళకి భయపడతాం. చివరికి వాళ్ళు పోతే బాగుండునని కోరుకుంటాం.

నాకు అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఫ్లాష్‌బ్యాక్ విచారణ అయితే, క్లైమాక్స్ ఖాళీ చేయించడం. కథ విన్నాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం, ఇక వెళ్ళు. ఎవరో మాంత్రికుడో, పూజారో, ఫకీరో వస్తాడు. 'మణిచిత్రతాళు'లో అయితే సైకియాట్రిస్టు వచ్చి, నాగవల్లి పగ తీర్చుకున్నట్టు ఆమెని నమ్మించడానికి ఒక బొమ్మని నరికిస్తాడు. తెలివైన వైద్యం, కాదనను. గంగ బతికింది, అది చాలు. కానీ నాగవల్లికి దక్కింది ఒక బొమ్మ. ఆ ఇల్లు మళ్ళీ ఆవిడని బంధించిన వంశానిదే అయింది, ఈసారి ఏ భయమూ లేకుండా.

చాలా సినిమాల్లో ఇదే లెక్క. చంపినవాడికి శిక్ష పడుతుంది, చంపినందువల్ల లాభపడిన ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. దెయ్యం "శాంతించింది" అంటాం. శాంతించింది ఆవిడా, మనమా?

* * *

దీన్ని తిరగేసి చూసిన సినిమాలూ ఉన్నాయి. 2001లో వచ్చిన 'ది అదర్స్'లో నికోల్ కిడ్మన్, ఇద్దరు పిల్లలు ఒక పెద్ద ఇంట్లో కర్టెన్లు వేసుకుని ఎవరో చొరబడుతున్నారని వణికిపోతుంటారు. చివరికి (ఇన్నేళ్ళయింది కాబట్టి చెప్పేస్తున్నా) దెయ్యాలు వాళ్ళే. చొరబడుతున్నది బతికున్న కొత్త కాపురం. చనిపోయినవాళ్ళ వైపు నుంచి చూస్తే మనమే ఆ ఇంటికి పట్టిన పీడ. తెలుగులో మహి వి. రాఘవ్ 2017లో తీసిన 'ఆనందో బ్రహ్మ' ఈ తిరగేసిన లెక్కని హాస్యంగా వాడుకుంది. విదేశం నుంచి వచ్చిన కొడుకు అమ్మానాన్నల ఇల్లు అమ్మేయాలనుకుంటాడు. దెయ్యాలకే మనుషులంటే భయం. ఆ ఇంట్లో బతికున్నవాళ్ళు చేసే పనులు చూశాక, భయపడటంలో న్యాయముందనిపిస్తుంది.

బెంగాలీలో 2012లో వచ్చిన 'భూతేర్ భబిష్యత్'లో అయితే దెయ్యాలకి ఇళ్ళ కొరత. కలకత్తాలో పాత భవంతులన్నీ కూలగొట్టి మాల్స్, మల్టీప్లెక్సులు కడుతుంటే పాపం ఉండటానికి చోటు లేదు. మిగిలిన ఒక్క భవంతిలో రకరకాల కాలాల దెయ్యాలన్నీ కలిసి సర్దుకుంటాయి, దానిమీదా ఒక రియల్ ఎస్టేట్ కన్ను పడుతుంది. చూస్తున్నంతసేపూ నవ్వాను. చివర్లో ఆలోచిస్తే, దెయ్యం పట్టడానికి కూడా ఒక ఇల్లు మిగలాలి కదా అనిపించింది.

మిగలని ఇళ్ళ సంగతేంటి? శ్రీశైలం జలాశయం కింద కృష్ణ, తుంగభద్ర ఒడ్డున దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. లక్ష మందికి పైగా జనం 1980ల మొదట్లో ఇళ్ళు వదిలిపెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం దగ్గర మళ్ళీ కట్టారు. మంచి పనే. కానీ ఇళ్ళని అలా ఎవరూ మోసుకుపోలేదు. జనమే తలుపులు, దూలాలు, కిటికీలు ఊడబెరుక్కుని బళ్ళకెత్తుకున్నారు. దేవుడికి కొత్త చిరునామా దొరికినంత పద్ధతిగా మనుషులకి దొరకలేదు. ఆ నీళ్ళ మీద, ఆ కరెంటు మీద మనం బతుకుతున్నాం. అయినా ఆ ఊళ్ళలోంచి ఏ దెయ్యమూ లేచి మన సినిమాల్లోకి నడిచి రాలేదు. దెయ్యానికి ఒక తాళం వేసిన గది, ఒక మేడ మెట్టు, ఒక అద్దం కావాలి. అవేవీ మిగలనివ్వకపోతే మనకి భయం కూడా ఉండదు. ఎంత సౌకర్యం!

అందుకే, భయం పూర్తిగా చెడ్డదని నేననుకోను. భయం మూఢనమ్మకమే కావచ్చు. కానీ ఇక్కడ నాకంటే ముందు ఎవరో ఉన్నారు, వాళ్ళు ఇష్టపడి వెళ్ళలేదు అన్న ఒక సత్యం దానిలోపల దాక్కుని ఉంటుంది. మూఢనమ్మకాన్ని వదిలించుకునే తొందరలో ఆ సత్యాన్ని కూడా ఊడ్చేస్తున్నామేమో అన్నదే నా అనుమానం.

2020లో వచ్చిన 'హిజ్ హౌస్' అనే సినిమాలో దక్షిణ సూడాన్ నుంచి పారిపోయి వచ్చిన భార్యాభర్తలకి ఇంగ్లండులో ప్రభుత్వం ఒక పాత ఇల్లిస్తుంది. గోడల్లోంచి దెయ్యాలొస్తాయి. అవి ఆ ఇంటివి కావు, వీళ్ళతో వచ్చినవి. ప్రాణాలు కాపాడుకోవడానికి ఆ భర్త ఒక పసిపిల్ల విషయంలో చేసిన ఘోరం వాళ్ళతో పాటు సముద్రం దాటింది. అతను గోడలు పగలగొడతాడు, ఉన్నదంతా తగలబెడతాడు. ఏదీ పనిచేయదు. చివరికి వాళ్ళు దెయ్యాల్ని వెళ్ళగొట్టరు. ఇల్లు బాగుచేసుకుని, వాటితోనే ఉండటానికి సిద్ధపడతారు. బాకీ తీరలేదు, తీరదు కూడా. కానీ బాకీ ఉందని ఒప్పుకున్నారు. దెయ్యం సినిమాల్లో నేను చూసిన అతి నిజాయితీ గల ముగింపు ఇది. భూతవైద్యానికీ, మర్చిపోవడానికీ మధ్య ఇంకో దారి ఉందని చూపించింది.

* * *

బ్రోకర్ ఫోన్ చేసిన రెండు వారాలకి నాన్నా నేనూ ఊరెళ్ళాం. కొనేవాళ్ళు చూడటానికి వచ్చేలోపు కొంచెం శుభ్రం చేయిద్దామని. తాళం తుప్పుపట్టి రాకపోతే గొళ్ళెం విరగ్గొట్టాల్సొచ్చింది.

వంటింట్లోంచి వచ్చే చప్పుడేంటో తెలిసింది. పొగగూటి దగ్గర రేకు ఒకటి ఊడి, గాలికి కొట్టుకుంటోంది. నాన్న దాన్ని చూపించి "అదిగో నీ దెయ్యం" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

తర్వాత, పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో గీసిన గీతలు కనిపించాయి. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. మళ్ళీ నాలుగు. గోడంతా అవే. పాల లెక్క. చిట్టి మామ్మకి చదువు రాదు. ఎవరు ఎన్ని పాలు పోశారో, ఎవరికి ఎంత ఇవ్వాలో అలా రాసుకునేది. ఆ ఇంట్లో ఆవిడ చేతిరాత అంటూ మిగిలింది అదొక్కటే.

నాన్న చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. లెక్కల మాస్టారు కదా, అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాడేమో. తర్వాత అన్నాడు, "తాతయ్య వాళ్ళ నాన్న 1951లో పోయాడు. ఆడపిల్లకి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం 1956లో వచ్చింది. ఐదేళ్ళు తేడా. లేకపోతే ఇందులో అత్తకీ వాటా ఉండేది." ఈ లెక్క ఆయన అక్కడికక్కడ వేసింది కాదు. ఎప్పుడో వేసి పెట్టుకున్నాడు. ఫోన్లో ఆ క్షణం ఎందుకు ఆగాడో నాకప్పుడు అర్థమైంది.

చట్టం ప్రకారం మేం ఎవరికీ ఏమీ బాకీ లేము. మామ్మకి వారసులు లేరు. ఇప్పుడు వాటా తీసి పక్కన పెట్టినా తీసుకోవడానికి ఎవరూ లేరు. తిరిగి చెల్లించే దారి మూసుకుపోయాక కూడా బాకీ ఉంటుందా? ఉంటుందనే నేననుకుంటున్నాను. చెల్లించలేని బాకీ విషయంలో మనం చేయగలిగిందల్లా అది లేదని అబద్ధమాడకపోవడమే. అది చాలా చిన్న పని. కానీ సినిమాల్లో ఇంతమంది దెయ్యాలు ఇన్ని తలుపులు బాదింది ఆ చిన్న పని కోసమే కదా.

ఇల్లు అమ్ముతాం. రావిచెట్టు వేళ్ళు పునాదిలోకి దిగాయి, దాన్ని నిలబెట్టే స్తోమత మాకెవరికీ లేదు. కొన్నవాళ్ళు కూలగొడతారు. ఆ గోడా పోతుంది.

గత ఆదివారం కొనే ఆయన భార్యతో సహా వచ్చాడు. మండువాలో నిలబడి, పైకి చూసి, ఆవిడే అడిగింది, కొంచెం మొహమాటంగా: "ఇంట్లో ఏదో ఉందని విన్నామండీ?"

నాన్న ఈసారి ఆగలేదు. "మా అత్త ఉండేదమ్మా ఇక్కడ" అన్నాడు. "అరవై ఏళ్ళు ఉంది. రండి, వంటిల్లు చూపిస్తాను."